వంతు రాత్రులు, జంట నక్షత్రాలు

మా రోజుల్లో

ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు ఇంటికొచ్చి, "సార్, మీ రోజుల్లో ఎలా ఉండేది?" అని అడుగుతుంటారు. మావి రోజులు కావు నాయనా, రాత్రులు. పగలు పడుకునేవాళ్ళం. ఊళ్ళో జనం పనికి పోయే వేళకు మేం టిఫిన్ డబ్బా ఊపుకుంటూ ఇంటికి వస్తుంటే, పటాన్‌చెరులో మా ఇంటి ఓనరు చాలాకాలం నన్ను ఏదో కంపెనీలో నైట్ షిఫ్ట్ ఆపరేటర్ అనుకున్నాడు. నేనూ దిద్దలేదు. ఆయన ఊహలో నాకు ఓవర్‌టైమ్ కూడా వచ్చేది.

నా అసలు ఉద్యోగం ఒక విశ్వవిద్యాలయం వారి చిన్న పరిశీలన కేంద్రంలో. బొంతపల్లికి ఇవతల ఒక రాళ్ళగుట్ట మీద గుండ్రటి గోపురం, అందులో ఒక మోస్తరు దూరదర్శిని. సంగారెడ్డి పిల్లవాణ్ణి, ఎనభైల మొదట్లో అక్కడ చేరాను, ఆ గుట్ట దిగకుండానే రిటైరయ్యాను. పని ఏమిటంటే గ్రహణాలు చూడటం. సూర్యుడిదీ చంద్రుడిదీ కాదు, ఎక్కడో దూరాన జంటగా తిరిగే నక్షత్రాలవి. జీవితమంతా గ్రహణాలు చూశాను, గ్రహించింది కొంచెమే. ఆ కొంచెమూ ఇక్కడ రాస్తాను. ప్రమోషన్ల సంగతి రాయను. రాయదగినన్ని రాలేదు కూడా.

మా మేనత్తకు నా ఉద్యోగం మీద చివరిదాకా అనుమానం పోలేదు. ఒకసారి మనవరాలి పెండ్లికి ముహూర్తం పెట్టమంది. నాకు రాదన్నాను. "ఇన్నేండ్ల సంది సుక్కలు సూస్తున్నవు, గింత సుత రాదా?" అంది. నేను చూసే చుక్కలు మామూలు కంటికి కనిపించవత్తా అని చెప్పాను. ఆమె కాసేపు నా ముఖం చూసి, "కండ్లకు కనవడని దానికి గవర్నమెంటోళ్ళు జీతమిస్తున్నరా?" అని అడిగింది. 

మూడు రకాల కాపురాలు

అసలు పనేమిటో చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. ఆకాశంలో ఒంటరిగా కనిపించే చుక్కల్లో చాలావరకు ఒంటరివి కావు. రెండేసి నక్షత్రాలు ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతుంటాయి. ఎంత పెద్ద దూరదర్శినిలో చూసినా ఒకే చుక్క. కాకపోతే అందులో కొన్ని జంటలు మన చూపుకు అడ్డంగా తిరుగుతాయి. ఒకటి ఇంకోదాని ముందుకు వచ్చినప్పుడు వెలుగు తగ్గుతుంది, పక్కకు తప్పుకోగానే మళ్ళీ పెరుగుతుంది. ఒక చుట్టు తిరిగేలోపు ఇది రెండుసార్లు జరుగుతుంది: మొదట ఇది దాన్ని కప్పుతుంది, తరువాత అది దీన్ని. వెలుగును గంటగంటకూ కొలిచి కాగితం మీద గీస్తే సాపుగా పోయే గీతలో రెండు గుంటలు పడతాయి. ఆ గుంటల లోతు, వెడల్పు, మధ్య దూరం చూసి ఆ జంట వయసు ఏ దశలో ఉందో చెప్పడమే మా వృత్తి.

నేను కొత్తవాళ్ళకు దీన్ని కాపురాల లెక్కన చెప్పేవాణ్ణి. మొదటి రకం వేరు కాపురం. రెండు నక్షత్రాలూ దేనింట్లో అది, దేని పొయ్యి దానిది. ఇంకా లేత వయసు. రెండో రకంలో ఒక నక్షత్రం ముసలిదై ఉబ్బి, తన ఇంటి గోడదాకా నిండిపోయి, తన సరుకంతా పక్కదాని ఇంట్లోకి ఒలకబోస్తుంటుంది. ఇక్కడ ఒక తమాషా ఉంది. ఈ జంటల్లో తూకం తక్కువున్నదే ముసలిదిగా కనిపిస్తుంది. బరువైనదే ముందు ముసలిది కావాలి గదా అని మొదట్లో పెద్దపెద్దవాళ్ళే తికమకపడ్డారు. సంగతేమిటంటే ఒకప్పుడు బరువైనది అదే. కూడబెట్టిందంతా పక్కదానికి పోసి తాను చిక్కిపోయింది. మూడో రకంలో ఇక గోడలే లేవు, రెండూ ఒకే దుప్పట్లో.

చెప్పడానికి ఇంత సులువు. తీరా ఒక జంటను ముందు పెట్టుకుని ఇది ఏ కాపురమో తేల్చాలంటే చెమటలు పడతాయి. మనుషుల కాపురాలే బయటనుంచి చూసి చెప్పలేం, ఇవెంత.

కొలిచే తీరు

గాజుగొట్టంలాంటి ఒక పరికరం మీద నక్షత్రపు వెలుగు పడితే కరెంటు పుడుతుంది, ఆ కరెంటుకు ఒక కలం కదిలి కాగితపు చుట్ట మీద గీత గీస్తుంది. మన నక్షత్రాన్ని కాసేపు చూడాలి. వెంటనే దాని పక్కనే ఉండి, వెలుగు మారకుండా నిలకడగా ఉండే ఇంకో నక్షత్రాన్ని చూడాలి. దాన్ని పోలిక తార అంటాం. మళ్ళీ మనది. మళ్ళీ పోలికది. తెల్లారేదాకా ఇదే. పోలిక తార ఎందుకంటే, పటాన్‌చెరు మీదనుంచి పొగ తెర వచ్చినా, గడ్డపోతారం దిక్కునుంచి గాలి మళ్ళి మేం ముక్కు మూసుకున్నా, రెండు నక్షత్రాలకూ మసక ఒకటే. తేడా తీస్తే పొగ తెగిపోతుంది.

నేను చేరిన కొత్తలో గుట్ట చుట్టూ చీకటి చిక్కగా ఉండేది. తరువాత కంపెనీలు వచ్చాయి, వాటితో పాటు దీపాలు వచ్చాయి. దక్షిణపు ఆకాశం ఏడాదికేడాది తెల్లబడుతూ వచ్చింది, నా జుట్టుకు పోటీగా. ఒకసారి దగ్గర్లోని ఫ్యాక్టరీకి పోయి గేటు మీది ఫ్లడ్‌లైటు కొంచెం కిందికి తిప్పమని అడిగాను. వాళ్ళ సెక్యూరిటీ ఇన్‌చార్జ్ బిహార్ మనిషి, ఓపిగ్గా విని, "సాబ్, తారా చోరీ నహీ హోతా, మాల్ చోరీ హోతా హై" అన్నాడు. చుక్కలను ఎవరూ ఎత్తుకుపోరు, సరుకునైతే ఎత్తుకుపోతారు, మాట సబబే అనిపించి టీ తాగి వచ్చేశాను.

జీపు ముందు సీటు

మా కేంద్రంలో ఇద్దరు ప్రొఫెసర్లు ఉండేవారు. రాఘవరావుగారు, కృష్ణమూర్తిగారు. ఇద్దరూ దొడ్డ విద్వాంసులు. రాఘవరావుగారు ఒక గీత చూసి ఆ జంట పుట్టుపూర్వోత్తరాలు చెప్పేసేవారు. మూర్తిగారు పదిసార్లు కొలవనిది నోరు విప్పేవారు కాదు. ఒకరికి తొందర, ఒకరికి తాత్సారం. ఇద్దరూ కలిసి పనిచేసి ఉంటే లోకంలో మాకు ఎదురుండేది కాదు. కానీ కలవలేదు. నక్షత్రాల వర్గీకరణ మా పని, మేమే రెండు వర్గాలం.

తగాదా ఎక్కడ మొదలైందంటే, నన్ను నమ్మండి, జీపు ముందు సీటు దగ్గర. నగరం నుంచి గుట్టకు వచ్చే జీపులో డ్రైవరు పక్కన ఎవరు కూర్చోవాలన్నది. సీనియారిటీ ప్రకారం ఒకరు, మోకాళ్ళ నొప్పి ప్రకారం ఇంకొకరు. అది పెరిగి పెరిగి దూరదర్శిని దాకా వచ్చింది. అంతకుముందు వారానికొకరు వాడుకునేవారు. నీ వారంలో వెన్నెల, నా వారంలో మబ్బు అని కీచులాడుకుని, చివరికి డైరెక్టరుగారి ముందు ఒప్పందం చేసుకున్నారు. ఒక రాత్రి వీరిది, ఒక రాత్రి వారిది. మబ్బు పట్టినా, కరెంటు పోయినా వంతు వంతే. పోయిన రాత్రి అడగకూడదు, ఉన్న రాత్రి ఇవ్వకూడదు. జీపు కూడా అదే లెక్కన తిరిగేది. తాళంచెవులు నా దగ్గర ఉండేవి కాబట్టి నేను ఇద్దరి రాత్రులకూ హాజరు. నాకు వంతు లేదు, నిద్రా లేదు.

ఈ ఒప్పందం న్యాయంగానే కనిపించింది. దీనివల్ల ఏ ప్రమాదం రాబోతోందో ఆకాశం ఎరిగిన అంతమందిలో ఒక్కరికీ తట్టలేదు.

రజియా

రాఘవరావుగారి దగ్గర రజియా అని ఒక పరిశోధక విద్యార్థిని ఉండేది. జోగిపేట పిల్ల. తండ్రి మస్తాన్ భాయ్ అక్కడి బజారులో దర్జీ. ఆడపిల్లను ఒంటరిగా గుట్ట మీద రాత్రంతా ఎలా వదలాలి అని ఇంట్లో అందరూ గోల పెడితే, ఆయన దుకాణం తమ్ముడికి అప్పజెప్పి, పటాన్‌చెరులో గది కిరాయికి తీసుకుని, కుట్టుమిషను అక్కడికి తెచ్చుకున్నాడు. పగలు కంపెనీ వర్కర్ల ఖాకీ బట్టలు కుట్టేవాడు. కూతురి వంతు రాత్రి ఆమెతో పాటు గుట్టకు వచ్చి, గోపురం కింది గదిలో బల్ల మీద కూర్చునేవాడు. కూతురు పైన కొలుస్తుంటే కింద ఈయన దగ్గు వినిపించేది.

తొంభైల మొదట్లో ఒక చలికాలం. రజియా ఫెలోషిప్ వచ్చే ఎండాకాలంతో ముగిసిపోతుంది. ఆలోపు సిద్ధాంత గ్రంథం సమర్పించాలి. అంతలో గడ్డపోతారంలోని ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో ఆమెకు నౌకరీ కుదిరింది. వెలుగును కొలిచే మిషనే అక్కడా ఉంది, నక్షత్రాల బదులు సీసాల్లో ద్రావకాలు, అంతే. రాత్రి పని లేదు, బస్సు ఇంటి దగ్గర ఆగుతుంది. కంపెనీవాళ్ళు త్వరగా చేరమంటున్నారు.

మస్తాన్ భాయ్ ఒకనాడు నన్ను పక్కకు పిలిచి, కూతురికి నచ్చజెప్పమని మెల్లగా అన్నాడు. "సార్, మీరు జర సమ్జాయించుండ్రి. సితారలు యాడికీ పోవు. నౌకరీ పోతది."

నేను రజియాకు ఆ మాట చేరవేశాను. ఆమె కాగితపు చుట్ట సరిచేస్తూ, "పుస్తకం అయిపోని సార్. పుస్తకం ఇచ్చినంక అబ్బా యాడికి పొమ్మంటే ఆడికి పోత. సగంల ఇడిసిపెట్టి పోతే ఆయన గిన్ని దినాలు ఆ బల్ల మీద ఎందుకు కూసున్నట్టు?" అంది.

ఒకే జంట, రెండు తీర్పులు

ఆమె పుస్తకానికి ఆయువుపట్టు మిథున రాశిలోని ఒక జంట. రాశి పేరుకు తగ్గట్టే జంట. ఒక పాత జాబితాలో అది సుమారు రోజుకొక చుట్టు తిరుగుతుందని రాసి ఉంది. రజియా వంతు రాత్రుల్లో చూస్తే నిజంగానే దాదాపు అదే వేళకు గ్రహణం, గీతలో లోతైన గుంట. రోజుకొక చుట్టు అయితే రెండో గ్రహణం పన్నెండు గంటల తరువాత, అంటే పట్టపగలు పడుతుంది. అది మన దేశం నుంచి కనిపించదు. కనిపించిన గుంటతోనే లెక్క కట్టాలి. రాఘవరావుగారు లెక్క కట్టి, ఇందులో ఒక నక్షత్రం ఇంటి గోడదాకా ఉబ్బింది, పక్కదానికి సరుకు ఒలకబోస్తోంది, ఇది రెండో రకం కాపురం అని తేల్చారు. సెమినార్‌లో ప్రకటించారు కూడా.

మూర్తిగారు ఆ సెమినార్‌కు రాలేదు గానీ సంగతి ఆయనకు చేరింది. వెంటనే తన విద్యార్థి నర్సింలును అదే జంట మీదికి ఉసిగొల్పారు. నర్సింలుది ఆ చుట్టుపక్కల ఊరే, భూమి ఉన్న రైతు కుటుంబం. తన వంతు రాత్రుల్లో చూస్తే అతనికీ దాదాపు అదే వేళకు గ్రహణం పడింది. కానీ గుంట అంత లోతు లేదు. మూర్తిగారు దాన్ని పట్టుకుని, ఉబ్బడమూ లేదు ఒలకడమూ లేదు, ఒక నక్షత్రం పక్కన చిన్న తోడు, ఇది వేరు కాపురం అన్నారు.

వేళలు కలిశాయి, లోతులు కలవలేదు. ఒకే ఆకాశం, ఒకే దూరదర్శిని, ఒకే జంట. మరి ఎవరో ఒకరు తప్పు కొలుస్తున్నారు. రెండు జట్ల పోలిక తారలు వేర్వేరు కాబట్టి, మీ పోలిక తారే నిలకడలేనిదని వీరు వారినీ, వారు వీరినీ అన్నారు. ముఖాముఖి కాదు, నా ద్వారా. నేను వరండాలో అటూ ఇటూ తిరుగుతూ మాటలు మోసేవాణ్ణి. పోలిక తారంత నిలకడగా ఉండటం నాకూ కష్టమైంది.

ఈ మధ్యలో నలిగింది రజియా. మూర్తిగారి మాట నిజమైతే ఆమె పుస్తకానికి నడుం విరుగుతుంది. కొత్త అధ్యాయం రాయడానికి ఫెలోషిప్ లేదు, ఎండలు ముదిరితే మిథునం సూర్యుడి చాటుకు పోతుంది, ఆ జంట మళ్ళీ చలికాలందాకా చిక్కదు.

మారిన రాత్రి

ఎండలు మొదలయ్యే వేళ నర్సింలు నా గదికి వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. బొంతపల్లి వీరభద్రుడి దగ్గర వాళ్ళమ్మ మొక్కు ఉందట, తన వంతు రాత్రే చుట్టాలందరూ వస్తున్నారట. రజియా తన రాత్రి చూస్తే, మరునాడు ఆమె రాత్రి తాను చూస్తానన్నాడు.

"మూర్తిసారుకు ఎర్కైతే నా తోలు తీస్తడు. మీరు సెప్పొద్దు సార్," అన్నాడు.

నిజానికి నేను ఒప్పుకోకూడదు, ఒప్పందం అలాంటిది. కానీ వీరభద్రుడి మొక్కుకు అడ్డం పడే ధైర్యం ఈ ప్రాంతంలో పుట్టినవాడికి ఎవడికుంటుంది? సరేనన్నాను. రజియా కూడా సరేనంది. ఆమెకు ఇంకొక రాత్రి గ్రహణం దొరికితే లాభమే.

ఆ రాత్రి ఆమె తన పోలిక తారతోనే, తన పద్ధతిలోనే కొలిచింది. పొద్దున పటాన్‌చెరు చౌరస్తాలోని ఇరానీ హోటల్లో నా ముందు కూర్చుని చాయ్ ముట్టలేదు.

"మిషన్ ఖరాబైంది సార్," అంది. "గుంట లోతు రాలే. సగం గిట్ల వచ్చింది."

నేను పరికరం ఊడదీసి చూశాను, తీగెలు చూశాను, అద్దాలు తుడిచాను. ఏ లోపమూ దొరకలేదు. మరునాటి రాత్రి నర్సింలు ఆమె వంతు చూశాడు. ఆ తెల్లవారి అదే హోటల్లోకి అతనూ వచ్చాడు. నుదుట ఇంకా మొక్కునాటి కుంకుమ, ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"రజియా, నేనేమన్న ఖరాబు చేసిన్నా? గుంట గింత లోతు వచ్చింది," అని కాగితపు చుట్ట బల్ల మీద పెట్టాడు.

రజియా తన చుట్టను దాని పక్కన విప్పింది. ఉస్మానియా బిస్కెట్ల పళ్ళెం పక్కకు జరిగింది. కప్పులు నేను చేత్తో పట్టుకున్నాను. ఆమె తీసిన గీత నర్సింలు ఇన్నాళ్ళూ తీసిన గీతల్లా ఉంది. నర్సింలు తీసింది ఆమె ఇన్నాళ్ళ గీతల్లా ఉంది. మనుషులు మారారు, పోలిక తారలు మారాయి. గుంటలు మాత్రం రాత్రిని పట్టుకునే ఉన్నాయి.

హోటల్ కుర్రాడు బిల్లు పెట్టి పోయాడు, ఎవరూ చూడలేదు. రజియా రెండు చుట్టల మీది తేదీలనూ వేలితో వరస కలిపి చూసి తలెత్తింది.

"నర్సింలూ, నువ్వు తప్పు కొల్వలే. నేను సుత తప్పు కొల్వలే," అంది. "మీ రాత్రి పడేటి గ్రహణం వేరు. మా రాత్రి పడేటిది వేరు. ఇది రోజుకో సుట్టు తిరుగుతలేదు. రెండు రోజులకో సుట్టు తిరుగుతున్నది."

నాకు అర్థం కావడానికి ఇంకో చాయ్ పట్టింది. మీకు ఒక్క ముక్కలో చెబుతాను. ఆ జంట ఒక చుట్టు తిరగడానికి దాదాపు రెండు రోజులు పడుతుంది. ఆలోపు రెండు గ్రహణాలు, ఒకటి లోతు, ఒకటి అందులో ఇంచుమించు సగం. అంటే రాత్రికొకటి, ఒక రాత్రి ఇది, మరునాటి రాత్రి అది. మేమేమో రాత్రి విడిచి రాత్రి చూసే ఒప్పందం చేసుకున్నాం. లోతైనవన్నీ రాఘవరావుగారి వంతుకు వచ్చాయి, లోతు తక్కువవన్నీ మూర్తిగారి వంతుకు. పాత జాబితాలోని తప్పును ఎవరూ పట్టుకోలేకపోయారు, ఎందుకంటే వరసగా రెండు రాత్రులు చూసిన కన్ను మా గుట్ట మీద ఒక్కటీ లేదు. నేను ఇద్దరి రాత్రుల్లోనూ ఉన్నాను గానీ, తాళాలూ మిషనూ చూసుకునేవాణ్ణి, ఆ జంట గీతలను ఎవరివి వాళ్ళే చుట్టి పట్టుకుపోయేవారు. వారానికొకరి పద్ధతి ఉన్న రోజుల్లోనైతే రెండో రాత్రికే తేలిపోయేది.

చుట్టుకు పట్టే కాలం సగం అనుకుంటే, గ్రహణం ఆ సగంలో ఎక్కువ పాలు ఆక్రమించినట్టు కనిపిస్తుంది. అప్పుడు నక్షత్రాలు ఇల్లంతా నిండినంత లావుగా లెక్కకు వస్తాయి. రాఘవరావుగారి ఉబ్బిన నక్షత్రం ఉబ్బింది ఆయన లెక్కలోనే. సరిగ్గా చూస్తే రెండు లేత నక్షత్రాలు, లావులో ఇంచుమించు సమానం, వేడిలోనే తేడా, దేని పొయ్యి దానిది. వేరు కాపురం. అంటే మూర్తిగారు లెక్క తప్పు చేసి జవాబు సరిగా రాశారు. రాఘవరావుగారిది లెక్కా తప్పు, జవాబూ తప్పు.

నర్సింలుకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రజియా మాత్రం నవ్వలేదు. పుస్తకంలో ఆమె అధ్యాయం ఆ బల్ల మీదే చచ్చిపోయింది.

వరండా అవతలి గది

ఆ సాయంత్రం మస్తాన్ భాయ్ గదిలో ముగ్గురం కూర్చున్నాం. మిషను మీద సగం కుట్టిన ఖాకీ చొక్కా ఉంది. నేను ఒక మాట అన్నాను: పుస్తకం ఉన్నది ఉన్నట్టు ఇచ్చేయవచ్చు, పరీక్షించేవారికి ఈ సంగతి తెలిసే దారి లేదు, డాక్టరేటు వస్తుంది, నౌకరీ కూడా దక్కుతుంది. ఇలా చేయమని కాదు, ఇలాంటి దారి కూడా ఉందని. ఈ వృత్తిలో మీకూ ఒకనాడు ఆ దారి కనిపిస్తుంది కాబట్టి రాస్తున్నాను.

రజియా తండ్రి వైపు తిరిగింది. "అబ్బా, తప్పని తెలిసి ఎట్లియ్యాలె? ఇంకొన్ని నెలలు పడ్తది."

ఆయన సూదిలో దారం ఎక్కిస్తూ ఉండిపోయాడు. చివరికి, "కంపెనోళ్ళకు ఏం సెప్పాలె మరి?" అన్నాడు.

"రానని సెప్పు."

"సరే బేటీ," అని ఆయన మిషను తొక్కడం మొదలుపెట్టాడు. ఆ చప్పుడులో ఇక ఎవరూ మాట్లాడే వీలు లేకపోయింది. అందుకే తొక్కాడేమో.

మరునాడు రజియా, నేను రాఘవరావుగారి గదిలోకి వెళ్ళాం. ఆయన గీతలు చూడకముందే, మనది కాని రాత్రి ఎలా చూశావు, ఎవరి అనుమతి అని మండిపడ్డారు. అనుమతి నాదేనన్నాను. నా ఉద్యోగం గురించి రెండు మూడు మాటలన్నారు, అన్నీ నిజాలే. తరువాత కళ్ళద్దాలు పెట్టుకుని గీతలు ముందుకు లాక్కున్నారు. ఎంతసేపు చూశారో చెప్పలేను.  మొదట ముఖం ఎర్రబడింది, తరువాత పాలిపోయింది, తరువాత అందులో ఒక చిన్నపిల్లవాడి కుతూహలం వచ్చింది. ఇంతకుముందు నాకు తెలియని రాఘవరావుగారు ఆయన.

"లోతైన గ్రహణం మన రాత్రులదేనా?" అని అడిగారు.

"మనదే సార్," అంది రజియా.

"ఊఁ," అన్నారు, ఏదో కొంత దక్కినట్టు. అప్పుడు గీతలన్నీ చుట్టి చంకలో పెట్టుకుని లేచారు. నన్ను పంపుతారేమోనని చేయి చాచాను. ఇవ్వలేదు. స్వయంగా వరండా దాటి, ఎదురుగా ఉన్న మూర్తిగారి తలుపు తట్టారు.

లోపల ఏం జరిగిందో నేను రాయలేను, తలుపు మూసుకున్నారు.  మొదట కుర్చీ లాగిన చప్పుడు. తరువాత ఇద్దరూ ఒకేసారి గట్టిగా మాట్లాడటం వినిపించి నేనూ నర్సింలూ కంగారుపడ్డాం. చెవి పెట్టి వింటే అది కొట్లాట కాదు, లెక్క. ఒకరు అంకె చెబుతుంటే ఒకరు దిద్దుతున్నారు. మధ్యాహ్నం భోజనానికి కూడా లేవలేదు. బయటికి వచ్చాక రాఘవరావుగారు నాతో, "ఆ ఒప్పందం చించెయ్. ఈ అమ్మాయికి వరసగా అన్ని రాత్రులూ ఇవ్వు, ఆ జంట మునిగేదాకా," అన్నారు. మూర్తిగారు వెనకనుంచి, "నా పేరు కూడా గైడుగా వేయండి. తప్పులో భాగం ఉంది గదా," అన్నారు.

పిల్లల కోసం నా తీర్పు చెబుతాను. నేను చాలామంది పెద్దలను చూశాను. తప్పు చేయనివారు ఎవరూ కనిపించలేదు. తప్పు తెలిశాక గది దాటి వెళ్ళి ఎదుటివాడి తలుపు తట్టగలిగినవారు ఇద్దరు ముగ్గురే. మీ గైడును ఎంచుకునే అవకాశం మీకుంటే, ఆయన కొలతలు చూడకండి, ఆయన వరండా దాటగలడా చూడండి.

మౌఖిక పరీక్ష

పుస్తకం తిరగరాయడానికి ఫెలోషిప్ అయిపోయాక కూడా చాలా నెలలు పట్టింది. కంపెనీ నౌకరీ వేరేవాళ్ళకు పోయింది. నర్సింలు ఆ జంటను రజియాకే వదిలి ఇంకో జంట పట్టుకున్నాడు. ఆ నెలల్లో మస్తాన్ భాయ్ ఎన్ని ఖాకీ చొక్కాలు కుట్టాడో ఆయనకే తెలియాలి.

మౌఖిక పరీక్ష రోజున దక్షిణం నుంచి ఒక పెద్ద శాస్త్రవేత్త వచ్చారు. తెలుగాయనే, మాట కటువు. రాఘవరావుగారు, మూర్తిగారు పక్కపక్క కుర్చీల్లో. నేను వెనక వరసలో. మస్తాన్ భాయ్ బయట వరండాలో, రమ్మన్నా లోపలికి రాలేదు.

రజియా బాగా చెప్పింది. రెండు గుంటలూ ఉన్న పూర్తి గీత తెర మీద వేసి, ఇవి లేత నక్షత్రాలు, ఇంకా ఇచ్చిపుచ్చుకోవడం మొదలుపెట్టలేదు అని చూపించింది. పరీక్షకుడు అన్నీ విని, పుస్తకం మూసి, ఒక ప్రశ్న వేశారు.

"అమ్మా, వరసగా రెండు రాత్రులు చూస్తే తేలిపోయే సంగతి ఇది. మీ కేంద్రంలో ఇంతమంది ఉండీ, ఒక కాలమంతా ఎందుకు తేలలేదు?"

 మబ్బులని చెప్పవచ్చు. పొగ అని చెప్పవచ్చు, పటాన్‌చెరు పొగ మీద ఏ నింద వేసినా లోకం నమ్ముతుంది. పాత జాబితా తప్పని చెప్పవచ్చు, అది నిజం కూడా. నేను నేల చూశాను. ఆమె డాక్టరేటు మీద సంతకం పెట్టవలసిన ఇద్దరూ అక్కడే ఉన్నారు.

రజియా వారిద్దరి వైపూ ఒకసారి చూసి, మెల్లగా, ఎవరినీ నొప్పించని గొంతుతో చెప్పింది.

"రాత్రులు పంచుకున్నం సార్. సూసింది పంచుకోలేదు."

పరీక్షకుడు కలం ఆపి గైడుల వైపు చూశారు. మూర్తిగారు రుమాలు తీసి మెడ తుడుచుకున్నారు. రాఘవరావుగారు గొంతు సవరించుకుని, "జవాబు సరైనదేనండి," అన్నారు. పరీక్షకుడు తన సంతకం పెట్టి, కాగితాన్ని వారిద్దరి ముందుకు జరిపారు.

నేను చెప్పడానికి వరండాలోకి పరుగెత్తాను. మస్తాన్ భాయ్ గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. అయిపోయింది భాయ్, మీ బిడ్డ డాక్టర్ అన్నాను. ఆయన రెండు చేతులూ ముఖం మీదుగా తీసుకుని కాసేపు అలాగే కళ్ళు మూసుకున్నాడు. కళ్ళు తెరిచాక నాతో అన్న మొదటి మాట ఇది:

"సార్, జర ఒక మాట అడుగుత, నవ్వద్దు. ఇన్నేండ్లు కింద కూసున్న గని, పైకెక్కి ఒక్కసారి సుత సూడలే. ఆ జంటను నాకు సూపిస్తరా?"

అప్పటికి మిథునం మళ్ళీ తూర్పున ఎక్కుతున్న కాలం. ఆ సాయంత్రమే జీపు తీశాం. ముందు సీట్లో మస్తాన్ భాయ్‌ని కూర్చోబెట్టి, ఇద్దరు ప్రొఫెసర్లూ వెనక ఎక్కారు. గుట్ట మీద రజియా దూరదర్శిని తిప్పి, తండ్రిని మెట్టు ఎక్కించి, కన్ను ఎక్కడ పెట్టాలో చూపించింది. ఆయన చాలాసేపు చూశాడు.

"ఒక్కటే కనవడుతున్నది బేటీ," అన్నాడు.

"అవును అబ్బా," అంది రజియా. "రెండున్నయి."

ఆయన కన్ను తీయకుండానే తలూపాడు.